ఎడమ కాలి చెప్పు

"అక్కా, రెండో చెప్పేదీ?" అన్నాడు మా తమ్ముడు.

కిందికి చూసుకున్నాను. కుడి కాలికి చెప్పు ఉంది, ఎడమ కాలికి లేదు. గదిలోంచి బయల్దేరి, వరండా మెట్లు దిగి, ఇసుకలో నడుచుకుంటూ టిఫిన్ పెట్టే పాక దాకా వచ్చాను. ఓ ఎనభై అడుగులు ఉంటాయేమో. చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలియలేదు. అదేం పెద్ద వింత కాదు, పరధ్యానంలో ఎవరికైనా జరుగుతుంది. కానీ అక్కడి ఇసుక నిండా పగడపు ముక్కలే. చెప్పు ఉన్న కుడి కాలికి వాటి మొనలు తెలుస్తున్నాయి, చెప్పు లేని ఎడమ కాలికి తెలియడం లేదు. పాదాన్ని నేలకేసి గట్టిగా రాశాను. మందపాటి మేజోడు వేసుకుని రాసినట్టుంది.

అప్పటికి సముద్రంలోంచి పైకొచ్చి 18 గంటలైంది. ఆ 18 గంటలూ ఒంట్లో ఏదో తేడాగా ఉందని నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

నేను విశాఖపట్నంలో ఎకో టెక్నీషియన్‌ని. గుండెకీ, మెడలోని, కాళ్లలోని రక్తనాళాలకీ అల్ట్రాసౌండ్ తీయడం నా పని. జెల్ రాయడం, ప్రోబ్ పెట్టడం, "కదలకండి బాబూ, ఊపిరి బిగబట్టండి, ఆఁ, వదిలేయండి" అనడం. పదమూడేళ్లుగా రోజుకి పాతిక మందికి తక్కువ కాకుండా ఇదే పాట. రక్తనాళం అంటే నా కళ్లకి ఎర్ర గొట్టం కాదు, రెండు బూడిదరంగు గీతల మధ్య నల్లటి సందు. రోజంతా అవే చూస్తూ కూడా నా సొంత రక్తనాళాలు దెబ్బతింటుంటే గుర్తుపట్టలేకపోయాను. గుర్తుపట్టలేదనడం కూడా అబద్ధమే. ఒప్పుకోలేదు, అంతే.

స్కూబా డైవింగ్ ముప్ఫై నాలుగో ఏట రుషికొండలో నేర్చుకున్నాను. మా ఆయనకి నీళ్లంటే భయం. ఒడ్డున కూర్చుని పల్లీలు తింటూ మా సంచులు కాపలా కాస్తారు. తమ్ముడు నాతోపాటే నేర్చుకున్నాడు. ఏడాదంతా డబ్బులు కూడబెట్టి ఇద్దరం ఒకసారి అండమాన్ వెళ్తాం, హేవ్‌లాక్ దీవికి. 2018లో దానికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు కానీ మాకింకా నోరు తిరగలేదు. నాన్నది రాజమండ్రి కావడంతో హేవ్‌లాక్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది గోదావరి మీది పాత రైలు వంతెన. ఆ హేవ్‌లాక్ మద్రాసు గవర్నరు, ఈ హేవ్‌లాక్ 1857 నాటి సైన్యాధికారి. వంతెనల సంగతి మళ్లీ వస్తుంది కాబట్టి చెబుతున్నాను.

ఆ రోజు మా ట్రిప్పులో నాలుగోది, డైవింగుకి ఆఖరిది. రెండు డైవులు చేశాం. మొదటిది డిక్సన్స్ పినకిల్ దగ్గర 29 మీటర్ల లోతుకి, రెండోది వేరే చోట 18 మీటర్లకి. మధ్యలో గంట విరామం. చేతికున్న డైవ్ కంప్యూటర్ చెప్పిన టైం దాటలేదు. పైకి నెమ్మదిగానే వచ్చాం. 5 మీటర్ల దగ్గర ఆగి 3 నిమిషాల సేఫ్టీ స్టాప్ చేశాం. ఈ మాటలు నేను తర్వాత కనీసం పదిమందికి చెప్పి ఉంటాను, ప్రతిసారీ పోలీస్ స్టేషన్‌లో వాంగ్మూలం ఇస్తున్నట్టే.

వాంగ్మూలంలో చెప్పనివి కొన్ని ఉన్నాయి. పొద్దుట్నుంచి నేను గుక్కెడు నీళ్లు తాగలేదు. బోటులో బాత్రూం లేదు. మగవాళ్లకి సముద్రం ఉంది. ఆడవాళ్లం మాత్రం తెల్లారే గొంతు తడుపుకుని, ఒడ్డుకి వచ్చేదాకా నీళ్ల సీసా వైపు చూడం. డైవింగ్ క్లాసుల్లో "నీళ్లు బాగా తాగండి" అని పదిసార్లు చెబుతారు, ఎక్కడికి పోవాలో మాత్రం చెప్పరు. ముందురోజు రాత్రి నిద్ర సరిగ్గా లేదు. వాంతులు రాకుండా మాత్ర వేసుకున్నాను, దానికి నోరు ఎండిపోతుంది. మొదటి డైవులో నీటి ప్రవాహం గట్టిగా ఉంది, తాడు పట్టుకుని ఎదురీదాం. పైకొచ్చాక ట్యాంకు వీపు మీద ఉండగానే నిచ్చెన ఎక్కాను. బోటు కుర్రాడు "దీదీ, ట్యాంకు ఇచ్చేయండి" అని చెయ్యి చాపాడు. అక్కర్లేదన్నాను. ఆడమనిషి ట్యాంకు మోయలేదని ఎవరూ అనకూడదని నా పంతం.

ఒడ్డుకి వస్తుండగా పొట్ట మీద దురద మొదలైంది. గదికి వెళ్లి అద్దంలో చూసుకుంటే పొట్ట మీద, భుజాల మీద ఊదారంగు మచ్చలు, ఎవరో చేపల వల అద్దినట్టు. జెల్లీచేప తగిలిందేమో అనుకున్నాను. ఎడమ భుజంలో లోపలెక్కడో పన్ను సలిపినట్టు సలుపు. నొక్కితే నొప్పి ఎక్కువ కాదు, కదిపినా ఎక్కువ కాదు. ట్యాంకు మోసినందుకు అనుకున్నాను. నీరసం మాత్రం దేనికీ ముడిపెట్టలేనంత. కాన్పైన మర్నాడు కూడా నేను అంత డీలా పడలేదు. ఎండ అనుకున్నాను. పారాసెటమాల్ వేసుకుని పడుకున్నాను. రాత్రి ఎడమ కాలు తిమ్మిరెక్కితే, పక్క సరిగ్గా లేదనుకున్నాను.

ఛాతీ నొప్పిని గ్యాస్ అనుకుని రెండు రోజులు సోడా తాగి, మూడో రోజు మా దగ్గరికి వచ్చేవాళ్లని ఎంతమందిని చూశానో. ప్రోబ్ పెడుతూ మనసులో తిట్టుకునేదాన్ని. ఇప్పుడు తిట్టుకోవడం మానేశాను.

తమ్ముడు చెప్పు వెతకడానికి వెళ్లలేదు. నన్ను ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి నిలబడమని, చేతులు కట్టుకుని కళ్లు మూసుకోమన్నాడు. రెండు సెకన్లు కూడా నిలబడలేదు, వాడి మీదికే తూలాను.

"ఎప్పట్నుంచక్కా?"

"నిన్న మధ్యాహ్నం నుంచి."

వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

డైవ్ సెంటర్‌లో వెంటనే పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టారు. ముఖానికి గట్టిగా అతుక్కునే మాస్క్, నిమిషానికి 15 లీటర్లు. వాళ్లలో ఒకతను పోర్ట్‌బ్లెయిర్‌కి ఫోన్ చేస్తుంటే నేను మాస్క్ పైకెత్తి మధ్యాహ్నం ఫ్లైట్ సంగతి అడుగుతున్నాను. వరసగా రోజుల తరబడి డైవులు చేసినవాళ్లు విమానం ఎక్కే ముందు 18 గంటలైనా ఆగాలన్నది రూలు. నాకు 25 గంటలు వస్తుందిగా అని నా వాదన. అతను ఓపిగ్గా చెప్పాడు: ఆ లెక్క ఒంట్లో ఏమీ లేనివాళ్లకి. విమానం క్యాబిన్‌లో గాలి ఒత్తిడి రెండు వేల మీటర్ల పైచిలుకు కొండ మీద ఉన్నంతే ఉంటుంది. ఒంట్లో బుడగలుంటే అక్కడ ఇంకా ఉబ్బుతాయి. ఫెర్రీలోనే, సముద్రమట్టం మీదే, సిలిండర్ పక్కన పెట్టుకుని వెళ్లాలన్నాడు.

మధ్యాహ్నానికి నేవీ ఆసుపత్రిలో ఉన్నాను. స్ట్రెచర్ పక్కకి వచ్చిన ఆయా నా ముఖం చూసి, తమ్ముడితో నేను మాట్లాడింది విని, "ఏటమ్మా, ఏటైంది?" అంది. వాళ్లది సోంపేట. పోర్ట్‌బ్లెయిర్ నిండా శ్రీకాకుళం వాళ్లే అని విన్నాను కానీ, ఆ "ఏటమ్మా" అప్పుడు వినబడటంతో నాకు ఏడుపొచ్చేసింది.

డాక్టరు గారు సూదితో రెండు కాళ్లూ పొడిచి చూశారు. ఎడమ కాలికి మడమ నుంచి పిక్క సగం దాకా మొద్దు. పొట్ట మీది మచ్చలు చూసి తల ఊపారు. రక్తం రిపోర్టు వచ్చాక నాకు చూపించారు. నాకెప్పుడూ పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, 36, 37 మించి ఉండదు, రక్తం తక్కువని ఐరన్ మాత్రలు మింగే మనిషిని. ఆ రోజు 46 ఉంది. ప్లేట్‌లెట్లు నా మామూలు లెక్క కన్నా బాగా తగ్గాయి.

"రక్తం పెరిగిందనుకోకండి, చిక్కబడింది. నీళ్లు తాగకపోవడం కొంత. నీరు రక్తనాళాల్లోంచి బయటికి కారిపోవడం కొంత" అన్నారాయన.

కారిపోవడం అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. డైవింగ్ క్లాసులో సోడా సీసా మూత తీసి చూపించి బుడగల గురించే చెప్పారు. నీళ్లలో 10 మీటర్లు దిగినప్పుడల్లా ఒక వాతావరణం బరువు అదనంగా పడుతుంది. 30 మీటర్ల దగ్గర 4 వాతావరణాలు. అంత ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో కరిగి కూర్చుంటుంది. పైకొచ్చేటప్పుడు నిదానంగా ఊపిరితిత్తుల గుండా పోవాలి. పోలేనిది బుడగలవుతుంది. ఆ జబ్బునే డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటారు. నేను చదువుకున్నది అంతవరకే. గొట్టం కారుతుందని ఎవరూ చెప్పలేదు.

గాలి ఒత్తిడి పెంచి ఆక్సిజన్ ఇచ్చే చాంబర్‌లోకి వెళ్లే ముందు తలస్నానం చేయించారు. రోజూ కొబ్బరినూనె రాసుకునే తల నాది. నూనె, ఆక్సిజన్, నిప్పురవ్వ ఒకచోట చేరకూడదు. సోంపేట ఆవిడ రెండు షాంపూ ప్యాకెట్లు తెచ్చి, "ఎంత నూనె ఎట్టీసేవమ్మా" అని విసుక్కుంటూ తనే రుద్దింది. ఫోను, వాచీ, పిన్నులు, గాజులు, బొట్టుబిళ్ల అన్నీ తీయించి నూలు గౌను ఇచ్చారు. మంగళసూత్రం తీసి తమ్ముడి చేతిలో పెట్టాను, వాడు దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియనట్టు పట్టుకున్నాడు. కాలి మెట్టెలు ఆవిడే తీసింది. కుడి కాలిది తీస్తుంటే "అబ్బా" అన్నాను. ఎడమ కాలిది ఎప్పుడు తీసిందో తెలియలేదు. నా అరచేతిలో రెండూ పెట్టేదాకా ఇంకా ఒకటే తీసిందనుకుంటున్నాను.

లోపల పెద్ద ఇనప పీపాలో బెంచీ వేసినట్టుంది. తోడుగా ఒక సిబ్బంది కూర్చున్నాడు. తలుపు బిగించి గాలి నింపుతుంటే చెవులు దిబ్బడేసి, ఒళ్లంతా వేడెక్కింది. సైకిల్ పంపు కొడుతుంటే అడుగున వేడెక్కుతుంది చూడండి, అలా. 18 మీటర్ల లోతుకి సరిపడా, 2.8 వాతావరణాల దాకా తీసుకెళ్లారు. 20 నిమిషాలు మాస్క్‌లో ఆక్సిజన్, 5 నిమిషాలు మామూలు గాలి, మళ్లీ 20. తర్వాత 9 మీటర్లకి తగ్గించి గంటేసి సేపు రెండు విడతలు. మొత్తం 4 గంటల 45 నిమిషాలు. మొదటి 20 నిమిషాలు పూర్తి కాకముందే భుజం సలుపు, పొయ్యి మీంచి కుక్కరు దించేసినట్టు, తగ్గిపోయింది. కాలు మాత్రం అలాగే ఉంది.

ఫోను లేని నాలుగు ముప్పావు గంటల్లో మనిషి ఏం చేస్తుంది? నేను లెక్కలు వేశాను. 2.8 వాతావరణాల దగ్గర బుడగ సైజు దాదాపు మూడో వంతుకి కుంచించుకుపోతుంది. కానీ అది ఘనపరిమాణం. అడ్డం కొలిస్తే నూటికి 70 వంతులు ఇంకా ఉంటుంది. నలిపేస్తే పోయే రకం కాదన్నమాట. అసలు పని ఆక్సిజన్‌ది. పీల్చే గాలిలో నైట్రోజన్ లేకపోతే బుడగలోని నైట్రోజన్ రక్తంలోకి, రక్తంలోంచి ఊపిరిలోకి తోసుకుంటూ వెళ్లిపోతుంది.

వంతెనలు గుర్తొచ్చాయి. ఈ జబ్బు మొదట గుంపులుగా పడగొట్టింది డైవర్లని కాదు, గనుల్లోనూ వంతెనల పునాదుల్లోనూ పనిచేసిన కూలీలని. నది అడుగున గాలి ఒత్తిడి నింపిన పెట్టెల్లో తవ్వి పైకొచ్చాక కీళ్లు పట్టుకుపోయి వంగిపోయేవారు. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన కట్టించిన వాషింగ్టన్ రోబ్లింగ్ 1872లో ఇలాగే పడిపోయాడు. 1883లో వంతెన తెరిచేదాకా ఇంట్లోంచే నడిపించాడు, భార్య ఎమిలీ ఆయన మాట మోసుకుని రోజూ పని దగ్గరికి వెళ్లేది. ఆవిడ లేకపోతే ఆ వంతెన ఎప్పటికి పూర్తయ్యేదో. నా ఎమిలీ చాంబర్ బయట మెట్టెలూ మంగళసూత్రమూ జేబులో వేసుకుని అమ్మకి ఫోన్లో అబద్ధాలు చెబుతున్నాడు: "అక్క పడుకుంది, ఫ్లైట్ క్యాన్సిల్."

మర్నాడు పొద్దున్న డాక్టరు గారిని అడిగాను: "బుడగలు పోయి ఉంటాయిగా. మరి కాలింకా ఎందుకు మొద్దుగా ఉంది? ఈ నీరసం ఎందుకు?"

"లారీ వెళ్లిపోయింది. రోడ్డు గుంతలు పడింది" అన్నారు. ఆ తర్వాత పది నిమిషాలు చెప్పారు. ఇంటికొచ్చాక నేను చదువుకున్నదీ ఆయన చెప్పినదీ కలిపి నాకు అర్థమైనంత రాస్తాను.

రక్తనాళం లోపలి వైపు ఒక పూత ఉంటుంది. ఒకే ఒక్క కణం మందం, ఎండోథీలియం అంటారు. నా మెషీన్‌లో అది విడిగా కనబడదు, అంత పల్చన. పదమూడేళ్లలో దాన్ని నేను పట్టించుకోకపోవడానికి కారణం అదేనేమో. నిజానికి నాళం చేసే తెలివైన పనులన్నీ దానివే. రక్తం జోరు పెరిగితే కనిపెట్టి నాళాన్ని వెడల్పు చేయమంటుంది. రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. నీరు బయటికి కారకుండా కణాల మధ్య సందులు కాపలా కాస్తుంది. నాళాన్ని వదులు చేయడానికి అది పంపే సందేశం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు. ఆ సంగతి బయటపెట్టినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకి 1998లో నోబెల్ వచ్చింది. మా డిపార్ట్‌మెంట్‌లో ఛాతీ నొప్పి వాళ్లకి నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ మాత్ర పనిచేసేది కూడా ఆ వాయువు ద్వారానే.

ఫర్చ్‌గాట్ కథ నాకు మరీ నచ్చింది. 1980కి ముందు ఆయన ల్యాబ్‌లో ధమని ముక్కల మీద ఒక మందు వేస్తే, ఒకసారి బిగుసుకునేవి, ఇంకోసారి వదులయ్యేవి. ఎందుకో తెలిసేది కాదు. ముక్కలు కోసేటప్పుడు లోపలి పూత గీసుకుపోయినవి బిగుసుకుంటున్నాయి, పూత చెక్కుచెదరనివి వదులవుతున్నాయి. తేడా అంతా ఆ గీసుకుపోవడంలోనే.

నాలోపల బుడగలు చేసిందీ ఇంచుమించు అదే. నాళంలో దొర్లుతూ పూతని ఒరుసుకుంటూ పోయాయి. పైగా బుడగని రక్తం పరాయి వస్తువుగా చూస్తుంది. దాని చుట్టూ ప్రొటీన్లు అంటుకుంటాయి, ప్లేట్‌లెట్లు పేరుకుంటాయి (నా లెక్క తగ్గింది అందుకే), తెల్లకణాలు వచ్చి గోడకి అతుక్కుంటాయి. పూత వాస్తుంది, సందులు విచ్చుకుంటాయి, రక్తంలోని నీరు కండలోకి కారుతుంది. లోపల మిగిలిన రక్తం చిక్కబడి సన్నటి నాళాల్లో నత్తనడక నడుస్తుంది. బుడగ పోయినా ఈ గొడవ రోజుల తరబడి సాగుతుంది. చాంబర్‌లో ఇచ్చే ఆక్సిజన్ తెల్లకణాలు గోడకి అతుక్కోకుండా కూడా ఆపుతుందట. బుడగలు పోయాక కూడా నన్ను మూడు రోజులు రోజుకొకసారి లోపల కూర్చోబెట్టడంలో అర్థం అప్పుడు తెలిసింది.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది మాత్రం వేరే విషయం. నార్వేలోని ట్రోండ్‌హైమ్, క్రొయేషియాలోని స్ప్లిట్ పరిశోధకులు 2005లో ఒక ఫలితం అచ్చేశారు. రూల్స్ ప్రకారం ఒక్క డైవు చేసి, ఏ జబ్బూ లేకుండా పైకొచ్చిన డైవర్ల చేతి ధమని కూడా మామూలుగా వెడల్పు కావాల్సినంత కాలేదు. డైవుకి ముందు విటమిన్ సీ, విటమిన్ ఈ లాంటివి ఇస్తే ఆ దెబ్బ కొంత తగ్గిందని తర్వాత అదే బృందం చూపింది. అంటే నేరం పూర్తిగా బుడగలదీ కాదు. లోతులో ఎక్కువ మోతాదులో పీల్చే ఆక్సిజన్ కూడా ఆ పూతని కొంత కాలుస్తుంది. నేను చేసిన అరవై చిల్లర డైవుల్లో ప్రతిసారీ "ఏం కాలేదు" అనుకున్నాను. ఏదో కొంచెం అవుతూనే ఉంది, కొద్ది రోజుల్లో సర్దుకుంటూనే ఉంది.

వైజాగ్‌కి ఆలస్యంగా, డాక్టరు గారు సరేనన్నాకే విమానంలో వచ్చాం. అమ్మకి చెప్పక తప్పలేదు. "సముద్రం ఒడ్డున పుట్టాం, దండం పెట్టుకుని ఒడ్డునే ఉండాలి. లోపలికెళ్లి కెలకడమేంటే?" అంది. అత్తయ్య దిష్టి తీసి, ఉప్పూ మిరపకాయలూ పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదని, గట్టి దిష్టేనని తేల్చింది. నేను కాదనలేదు.

మూడు వారాలు సెలవు. రెండో అంతస్తు ఎక్కడానికి మధ్యలో కూర్చునేదాన్ని. అన్నం తిన్నాక నిద్ర కాదు, మూర్ఛలాగా పడిపోయేదాన్ని. కాలి మొద్దు పిక్క నుంచి మడమకి, మడమ నుంచి పాదం అంచుకి, సముద్రం వెనక్కి తగ్గినట్టు తగ్గుతూ వచ్చింది. తగ్గిన చోటల్లా కొన్నాళ్లు సూదులు గుచ్చేవి. పట్టుచీర అంచు తగిలితే కూడా ఉలిక్కిపడేదాన్ని.

అంత జాగ్రత్తగా పైకొచ్చినా ఎందుకు వచ్చిందన్నది మా కార్డియాలజిస్టు గారు తేల్చారు. చర్మం మీది ఆ వల లాంటి మచ్చలున్నవాళ్లలో గుండె పై గదుల మధ్య చిన్న సందు ఉండటం ఎక్కువని చెప్పి, బబుల్ టెస్టు చేద్దామన్నారు. ఆ టెస్టుకి రెండు సిరంజీలు కలిపి, 9 ఎంఎల్ సెలైన్, 1 ఎంఎల్ గాలి అటూ ఇటూ తోసి, సిరలోకి ఎక్కించే నురగ చేసేది నేనే, ఏళ్లుగా. ఈసారి బల్ల మీద పడుకున్నాను. నా జూనియర్ అమ్మాయి ప్రోబ్ పెట్టి, నా గొంతే అనుకరిస్తూ, "కదలకండి మేడం, ఊపిరి బిగబట్టండి" అంది. నవ్వొచ్చి కదిలాను. "మేడం!" అని కసిరింది.

తెర మీద గుండె కుడి గది మంచు పడ్డట్టు తెల్లబడింది. "ఆఁ, వదిలేయండి" అంది. వదిలాను. గుండె నాలుగోసారి కొట్టుకునేలోపే ఎడమ గదిలోకి చుక్కలు, ఒకటి, నాలుగు, తర్వాత లెక్కపెట్టలేనన్ని. మా ఇద్దరికీ అర్థమైంది, ఇద్దరం డాక్టరు గారి వైపు చూడలేదు. పుట్టినప్పుడు మూసుకోవాల్సిన ఆ సందు నలుగురిలో ఒకరికి మూసుకోదు. చాలామందికి జన్మంతా తెలియదు కూడా. మామూలుగా బుడగలు సిరల్లో వచ్చి ఊపిరితిత్తుల జల్లెడలో ఆగిపోతాయి. నేను ఊపిరి బిగబట్టి, ట్యాంకు వీపున వేసుకుని, పంతంగా నిచ్చెన ఎక్కినప్పుడు ఆ తలుపు తెరుచుకుని ఉంటుంది. బోటు కుర్రాడి చాచిన చెయ్యి నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది.

ఆ సందు మూయించుకోలేదు. అందరికీ అవసరం లేదని, మూయించినా హామీ లేదని అన్నారు. ఆ నిర్ణయం ఇంకా వాయిదాలో ఉంది.

ఒక ఆదివారం డిపార్ట్‌మెంట్ ఖాళీగా ఉంటే, జూనియర్ని బతిమాలి ఒక పని చేయించుకున్నాను. పరిశోధనల్లో ధమని పూతని కొలిచే పద్ధతి ఒకటి ఉంది. మా దగ్గర రోగులకి చేయం, కానీ కావలసినవన్నీ ఉన్నాయి: బీపీ పట్టీ, సన్న ప్రోబ్, ఓపిక. పరగడుపున, కాఫీ లేకుండా పడుకున్నాను. ముంజేతికి పట్టీ బిగించి 5 నిమిషాలు రక్తం ఆపేసింది. చెయ్యి నేరేడుపండు రంగుకి తిరిగింది. పట్టీ వదలగానే రక్తం వరదలా దూకుతుంది, ఆ జోరుకి పూత నైట్రిక్ ఆక్సైడ్ వదిలి, మోచేతి పైనున్న ధమనిని వెడల్పు చేయాలి. నిమిషం తర్వాత కొలిచాం. 3.31 మిల్లీమీటర్ల నుంచి 3.40కి వచ్చింది. మూడు శాతం కూడా లేదు.

నాలుగు నెలల తర్వాత మళ్లీ చేశాం. 3.30 నుంచి 3.53. ఏడు శాతం.

ఆ అమ్మాయి గంతేసినంత పని చేసింది. నేనే ఆపాను. కర్సర్ వెంట్రుకవాసి పక్కకి జరిగితే రెండు శాతం అటూ ఇటూ అవుతుంది. డైవుకి ముందు నా లెక్క ఎంతో మాకు తెలియదు. మొదటిసారి నాకు సరిగ్గా నిద్రలేదు, ఒంట్లో రక్తం లేదు. ఇది సైన్సు కాదని తనకీ చెప్పాను, నాకూ చెప్పుకున్నాను. అయినా ఆ రెండు ఫొటోలూ ప్రింట్ తీసి పర్సులో పెట్టుకున్నాను. బూడిదరంగు గీతల మధ్య నల్లటి సందు, రెండో దాంట్లో ఇసుమంత వెడల్పు.

ఇప్పుడు షుగర్ ఉన్నవాళ్లకి, సిగరెట్టు వాసనతో వచ్చేవాళ్లకి మెడ స్కాన్ చేస్తున్నప్పుడు నా చెయ్యి కొంచెం నెమ్మదిస్తోందని జూనియర్ అంటోంది. నా పూత నాలుగు రోజుల్లో గీసుకుపోయింది. వాళ్లది ఏళ్ల తరబడి గీసుకుపోతోంది, చెప్పు జారినట్టు ఎవరికీ తెలియకుండా.

ఏడాది దాటాక రుషికొండలో ఒకసారి దిగాను, 9 మీటర్లు, అంతే. ముందు బోటువాళ్లతో మాట్లాడి, వెనకవైపు చీరతో చాటు కట్టించుకున్నాను. ఒక లీటరు నీళ్లు తాగి, రెండుసార్లు ఆ చాటుకి వెళ్లొచ్చాను. మిగతా ఇద్దరు ఆడపిల్లలూ నా వెనకే వెళ్లొచ్చారు. పైకొచ్చేటప్పుడు ట్యాంకు నీళ్లలోనే విప్పి కుర్రాడికి అందించాను.

ఎడమ పాదం చిటికెన వేలి పక్కన రూపాయి బిళ్లంత చోటు ఇంకా మొద్దుగానే ఉంది. మెట్టెలు మళ్లీ పెట్టుకున్నాను. గుమ్మం దాటేటప్పుడు కిందికి ఒకసారి చూసుకుని, రెండో చెప్పు ఉందనుకున్నాకే మెట్లు దిగుతాను.